కోరంగిలో నిజంగా 3 లక్షల మంది ఉండేవారా? పాత రేవు చరిత్ర, జనాభా

కొత్తపాఠకుడు (ఆదివారం, రాత్రి 9.15)

అందరికీ నమస్కారం. ఇక్కడ నేను మొదలుపెడుతున్న మొదటి చర్చ ఇది.

గత వారం కాకినాడ నుంచి యానాం వెళ్తూ కోరంగి దగ్గర ఆగాం. అందరిలాగే మడ అడవిలో చెక్క దారి మీద నడిచి, పడవ ఎక్కి, ఫొటోలు తీసుకుని వచ్చేశాం. ఇంటికి వచ్చాక ఊరి చరిత్ర చదువుదామని కూర్చుంటే ఎక్కడ చూసినా ఒకే వాక్యం. 1839 నవంబరు 25న వచ్చిన తుపానుకు కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది, 20,000 ఓడలు మునిగిపోయాయి, 3 లక్షల మంది చనిపోయారు.

నేను చూసిన కోరంగిలో రోడ్డుకు అటూ ఇటూ ఇళ్ళు, కొబ్బరి చెట్లు, రొయ్యల చెరువులు, ఎండబెట్టిన వలలు తప్ప మరేమీ కనబడలేదు. 3 లక్షల మంది పోయారంటే అంతకంటే పెద్ద పట్నం ఉండి ఉండాలి. అంత పట్నం ఉంటే ఒక్క గోడ, ఒక్క మెట్ల వరస అయినా మిగలదా? ఆ ఊరి జనమంతా ఏమయ్యారు? తెలిసినవారు చెప్పండి.

యానాం_వీధి (ఆదివారం, రాత్రి 10.02)

మీరు ఆగింది మామూలు పల్లెలా కనబడుతుంది కానీ ఒకప్పుడు కలకత్తాకీ శ్రీలంకలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలను మరమ్మతుకు ఒడ్డుకు చేర్చగలిగిన రేవు అదొక్కటే. చుట్టుపక్కల ఏమున్నాయో చూస్తే దాని గొప్ప తెలుస్తుంది. దక్షిణాన మా యానాంలో ఫ్రెంచివాళ్ళు, పక్కన ఇంజరంలో ఆంగ్లేయుల బట్టల కొఠీ, ఉత్తరాన కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. ఒక రోజు నడకలో మూడు దేశాల జెండాలు దాటవచ్చు. అందరూ ఇక్కడికే ఎందుకు చేరారంటే లోపల నేసిన సన్న బట్ట గోదావరి పాయల మీద పడవల్లో దిగి వచ్చేది, దాన్ని సముద్రానికి అందించే గుమ్మం కోరంగి.

జనాభా సంగతి లెక్కలమాస్టారు గారు చెబితే బాగుంటుంది. ఆయన ఈ విషయం మీద చాలా కాలం నుంచి చదువుతున్నారు.

పాతరేవు (సోమవారం, ఉదయం 6.40)

మాది తాళ్ళరేవు. మా ముత్తాత, తాత ఓడలు కట్టినవారు. 1839 ఉప్పెన గురించి మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. రాత్రికి రాత్రి ఊళ్ళకు ఊళ్ళు పోయాయని, తెల్లారేసరికి చెట్ల కొమ్మల్లో పడవలు ఇరుక్కుని ఉన్నాయని మా నాయనమ్మ చెప్పేది. ఆమెకు వాళ్ళ నాయనమ్మ చెప్పిందట.

3 లక్షలు అబద్ధమని కొందరు తేలికగా తీసిపారేస్తుంటారు. ఆ మాట వినేటప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. లెక్క రాసుకోవడానికి మిగిలినవాళ్ళు ఎవరు? పేదవాళ్ళ చావులను ఏ కాగితం మీద ఎవరు ఎక్కించారు?

లెక్కలమాస్టారు (సోమవారం, ఉదయం 11.20)

పాతరేవు గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. పోయినవాళ్ళను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కొత్తపాఠకుడు గారు అడిగింది జనాభా గురించి కాబట్టి నాకు తెలిసిన అంకెలు ముందు పెడతాను.

1839 నాటికి మన దేశంలో ఇప్పటి పద్ధతిలో జనాభా లెక్కలు లేవు. అవి 1871-72లో మొదలయ్యాయి. అంతకు ముందు కరణాలు రాసి పంపిన ఖానేషుమారీ (ఇంటింటి జనం) లెక్కలను కలెక్టరు కచేరీలో కూడేవారు. వాటిలో తప్పులుంటాయి. అయినా ఒక జిల్లా మొత్తానికి అవి చెప్పే అంకెను పూర్తిగా కొట్టేయలేం.

అప్పుడు కోరంగి రాజమండ్రి జిల్లాలో ఉండేది. ఇప్పటి ఉభయ గోదావరి ప్రాంతాల్లో చాలా భాగం ఆ జిల్లానే. 1821లో ఆ జిల్లా మొత్తం జనాభా 7,38,308. 1841లో 5,61,041. ఈ ఇరవై ఏళ్ళ పతనాన్ని చూసే 1840లలో సర్ హెన్రీ మాంట్‌గోమరీని విచారణకు పంపారు, ఆ తరువాతే ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన కదిలింది.

ఇప్పుడు తీసివేత చేయండి. ఇరవై ఏళ్ళలో జిల్లా మొత్తానికి తగ్గినవాళ్ళు 1,77,267 మంది. అందులో 1832-33 డొక్కల కరవు ఉంది. ఆ కరవు గుంటూరు పేరుతో ప్రసిద్ధి కానీ గోదావరి డెల్టానూ వదలలేదు. వరదలున్నాయి, పన్నులు కట్టలేక ఊళ్ళు వదిలిపోయినవాళ్ళు ఉన్నారు. 1839 ఉప్పెన కూడా అందులోనే ఉంది. అన్నీ కలిపినా లక్షా డెబ్బై ఏడు వేలు. మరి ఒక్క రాత్రిలో ఒక్క రేవులో 3 లక్షల మంది ఎలా పోతారు?

ఇంకొక కొలత. 1871లో మద్రాసు నగర జనాభా 3,97,552. రాజధాని నగరమే నాలుగు లక్షలకు చేరని కాలానికి ముప్పై ఏళ్ళ ముందు, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఓడల పట్నంలో 3 లక్షల మంది ఉండడం అసాధ్యం.

కొత్తపాఠకుడు (సోమవారం, మధ్యాహ్నం 1.05)

ధన్యవాదాలు మాస్టారూ. జిల్లా అంకెలు నేను ఎక్కడా చూడలేదు. మరి 20,000 ఓడలు?

లెక్కలమాస్టారు (సోమవారం, మధ్యాహ్నం 1.50)

దానికి పుస్తకం కూడా అవసరం లేదు. ఓడలు కాదు, చిన్న దోనెలే అనుకుందాం. ఒక్కొక్కటి మూడు మీటర్ల వెడల్పు అనుకుని 20,000 దోనెలను పక్కపక్కన ఆనించి నిలబెడితే 60 కిలోమీటర్లు అవుతుంది. కాకినాడ నుంచి రాజమండ్రి దాదాపు అంత దూరం. కోరంగి పాయలో, సముద్రపు ముందరి భాగంలో కలిపి అన్ని దోనెలకు చోటే లేదు.

నా అనుమానం ఒకటి చెబుతాను, ఇది అనుమానం మాత్రమే. 1789 డిసెంబరు ఉప్పెనలో కోరంగిలో 20,000 మంది చనిపోయారని పాత రాతల్లో ఉంది. యాభై ఏళ్ళ తరువాత వచ్చిన రెండో ఉప్పెన కథలోకి ఆ ఇరవై వేలు నడిచి వచ్చి, మనుషులకు బదులు ఓడలయ్యాయేమో.

మడఅడవి (సోమవారం, సాయంత్రం 5.30)

1789 ప్రస్తావన వచ్చింది కాబట్టి కొంచెం ఆగుదాం, ఎందుకంటే నాకు అసలైన కథ అదే అనిపిస్తుంది.

ఆ రోజు ఒకే పెద్ద అల రాలేదు. మూడు వచ్చాయి. మొదటిది అడ్డం వచ్చిన వాటిని ఊడ్చుకుంటూ ఊళ్ళోకి కొన్ని అడుగుల నీటిని తెచ్చింది. జనం ఇంకా తేరుకోకముందే రెండోది పల్లపు భూములన్నీ ముంచింది. మూడోది అన్నిటినీ కప్పేసింది. దీన్ని రికార్డు చేసి పెట్టినవాడు హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతంలో దెబ్బతిన్న ఓడల దినచర్య పుస్తకాలు సేకరించి, గాలి ఎటు తిరిగిందో గంట గంటకూ గీసి చూసిన మనిషి. 1839 కోరంగి తుపాను మీద కూడా ఆయన ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. గాలి చుట్ట తిరిగిన పాములా తిరుగుతోందని చూసి గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పేరు పెట్టింది ఆయనే. ఈ రోజు ప్రపంచమంతా వాడే ఆ మాట వెనుక కోరంగి నీళ్ళు ఉన్నాయి.

అది సునామీ అని కొన్ని చోట్ల రాస్తున్నారు. కాదు. గాలి తోసుకొచ్చిన సముద్రం అది. మన ‘ఉప్పెన’ అనే మాట దానికి సరిగ్గా సరిపోతుంది.

ఇంకొక విషయం. 1787 మే నెలలో కూడా ఇదే తీరాన్ని ఉప్పెన ముంచింది. రెండేళ్ళ తేడాతో రెండు. ఆ వెంటనే 1790-92 మధ్య ఉత్తర సర్కార్లలో భయంకరమైన కరవు. ఉప్పునీరు ఎక్కిన పొలంలో గింజ మొలవదు, చెరువు నీళ్ళు నోట పెట్టలేం. ఉప్పెనను తప్పించుకున్నవాడు మరుసటి ఏడాది ఆకలికి దొరికాడు. ఊరి జనాభా ఎలా తగ్గిందో చూడాలంటే 1839 ఒక్కటే చూడకూడదు, ఈ వరస అంతా చూడాలి.

యానాం_వీధి (సోమవారం, రాత్రి 8.15)

> అంత పట్నం ఉంటే ఒక్క గోడ, ఒక్క మెట్ల వరస అయినా మిగలదా?

దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు. రాయి దొరకని నేల అండీ ఇది. తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే ఇసుక, ఆపైన ఉప్పునీరు. ఎక్కువ ఇళ్ళు తాటాకు కప్పు, మట్టి గోడ. పెద్దవాళ్ళ ఇళ్ళకు ఇటుక వాడితే ఊరు పాడుపడ్డాక ఆ ఇటుకలు ఊరకే పడి ఉండవు, తరువాతివాళ్ళు తీసుకుపోయి గోడలు కట్టుకుంటారు. నది కూడా తన దారి మార్చుకుంటూ పోయింది. నిన్న రేవు ఉన్నచోట ఇవాళ మడ చెట్లు ఉంటాయి.

పాతరేవు (మంగళవారం, ఉదయం 7.10)

మాస్టారూ, మీ తీసివేత రాత్రంతా నా తలలో తిరిగింది. 3 లక్షలు కుదరవని ఒప్పుకుంటున్నాను. నాయనమ్మ కూడా అంకె ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు గుర్తు చేసుకుంటే. ‘ఎవరి పేరూ పిలవడానికి ఎవరూ మిగల్లేదు’ అనేది. అంకె నేను తరువాత ఎక్కడో చదివి ఆమె మాటకు తగిలించుకున్నాను.

కానీ ఉప్పెనతో రేవు ఆగిపోయిందన్నది మాత్రం నేను ఒప్పుకోను. 1839 తరువాత కూడా ఇక్కడ ఓడలు కట్టారు. నా చిన్నతనంలో తాళ్ళరేవులో చెక్క ఓడ కట్టడం నేను చూశాను.

కాగితం మీద బొమ్మ ఉండేది కాదు. మేస్త్రీ తాడుతో కొలిచి, ఒక కన్ను మూసి చూసి, ‘ఇక్కడ రెండు వేళ్ళు తీయి’ అనేవాడు. పలకను వంచాలంటే దాన్ని తడిపి, కింద సెగ పెట్టి, మరో కొసన బరువు కట్టేవారు. సాయంత్రానికి అది నెమ్మదిగా ఓడ పక్కటెముకకు వాలేది. అన్నిటికంటే నాకు గుర్తుండేది సందులు మూయడం. దూదిని తొడ మీద పెట్టి అరచేత్తో తాడులా పురి పెట్టేవారు. దాన్ని రెండు పలకల మధ్య ఉన్న సందులో ఉంచి, పదును లేని ఉలితో లోపలికి కొట్టేవారు. గట్టిగా కొడితే పలక విచ్చుకుంటుంది, మెల్లగా కొడితే నీరు దూరుతుంది. దెబ్బ సరిగ్గా పడిందో లేదో చప్పుడును బట్టి తాత చెప్పేవాడు, ఓడ వైపు చూడకుండానే. ఆ పైన నూనెతో కాచిన గుగ్గిలం పూసేవారు. ఆ వాసన రెండు మూడు రోజులు మా అన్నంలో కూడా ఉండేది.

ఓడను నీళ్ళలోకి దింపడానికి అమావాస్య పోటు కోసం కాచుకునేవారు. పోటు నిండుగా ఎక్కినప్పుడు పాయ నిండుతుంది, అప్పుడే ఓడ తేలుతుంది. ఏటేటా ఆ పోటు కూడా చాలక, ఓడ మట్టిలో కూరుకుపోవడం మొదలైంది. రేవును చంపింది అలలు కాదు, ఒండ్రు మట్టి అని మా తాత అనేవాడు.

మడఅడవి (మంగళవారం, ఉదయం 10.45)

పాతరేవు గారి తాతగారు చెప్పింది అక్షరాలా సరి. దానికి నేను కొంత జోడిస్తాను.

గోదావరి ఏటా వరదల్లో తెచ్చే మట్టి కోరంగి పాయ ముఖద్వారం దగ్గర పేరుకుంది. పెద్ద ఓడలు లోపలికి రాలేక బయటే లంగరు వేసేవి, సరుకును చిన్న పడవల్లో మార్చేవారు. ఒకసారి సరుకు పడవల్లోకి మారడం మొదలయ్యాక, ఆ పడవ కోరంగికే ఎందుకు రావాలి? కాకినాడకు వెళ్తే లోతైన నీరు, కాలవ మీద గోదాములు. 1852కు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చాక డెల్టా ధాన్యమంతా కాకినాడ వైపు మళ్ళింది. 1861-65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం జరిగి ఇంగ్లండుకు పత్తి కరువైతే, మన పత్తి కాకినాడ నుంచి ఓడలెక్కింది. ఆవిరి ఓడలు వచ్చాయి, రైలు వచ్చింది. ప్రతి మలుపులోనూ కాకినాడ ఒక మెట్టు ఎక్కింది, కోరంగి ఒక మెట్టు దిగింది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కాకినాడ ఎదురుగా కనబడే హోప్ ఐలాండ్ పాత దీవి కాదు. గోదావరి ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా దాదాపు 16 కిలోమీటర్ల పొడవున ఏర్పడిన ఇసుక తిన్నె అది. ఏర్పడి రెండు వందల ఏళ్ళో, అంతకు కాస్త అటూ ఇటో. కాకినాడ రేవుకు అది గోడలా నిలిచింది. దాని వెనుక నీరు నిదానించి, బురద పరుచుకుని, మడ అడవి పెరిగింది. అంటే కోరంగి రేవును పూడ్చిన మట్టే కోరంగి అడవిని పెంచింది. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. తెల్ల మడ, నల్ల మడ, పాలు కంట్లో పడితే చూపు దెబ్బతీసే తిల్ల, వాటి మధ్య బావురు పిల్లులు, నీటికుక్కలు. మీరు నడిచిన ఆ చెక్క దారి కింద బహుశా పాత ఓడల దారి ఉంది.

లెక్కలమాస్టారు (మంగళవారం, మధ్యాహ్నం 12.30)

మడఅడవి గారి మాటకు ఒక అంకె: 1901లో కాకినాడ జనాభా 48,096. రేవు మారితే జనం ఎటు నడిచారో అది చెబుతుంది.

యానాం_వీధి (మంగళవారం, మధ్యాహ్నం 3.10)

జనం ఎటు నడుస్తారన్నదానికి మా ఊరూ ఒక పాఠమే. 2001లో యానాం జనాభా 31,394. 2011లో 55,626. పదేళ్ళలో 77 శాతం పెరిగింది. పుట్టుకలతో ఇంత పెరగదు. చుట్టూ ఉన్న పల్లెల నుంచి మనుషులు గీత దాటి ఇటు వచ్చారు, ఎందుకంటే పుదుచ్చేరి పాలన కింద ఉండే సౌకర్యాలు వేరు. ఈ గీత దాటడం కొత్తది కాదు. ఫ్రెంచి కాలంలో సుంకం లేని సరుకు కోసం మంగళవారం సంతకు జనం విరగబడి వచ్చేవారు. 1929లో శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాయి, ఫ్రెంచి యానాంలో కాదు. పెళ్ళిబృందాలు పసిపిల్లలను తీసుకుని ఇక్కడికి వచ్చేవి. మా ఊరిని కల్యాణపురం అని పిలవడం అందువల్లే. ఆ పేరు వినసొంపుగా ఉంటుంది కానీ దాని వెనుక ఏడెనిమిదేళ్ళ ఆడపిల్లలు ఉన్నారని మరచిపోకూడదు.

బయటికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 1820ల చివర్లోనే యానాం నుంచి తెలుగు కూలీలను ఓడల్లో రీయూనియన్ దీవికి తీసుకుపోయారు.

వేదిక నిర్వాహకుడు (మంగళవారం, సాయంత్రం 4.00)

చర్చ చక్కగా సాగుతోంది. యానాం మీద విడిగా ఒక చర్చ ఉంది కాబట్టి ఇక్కడ కోరంగికే పరిమితమవుదాం. వలస వెళ్ళినవాళ్ళ గురించి మాత్రం తప్పకుండా రాయండి.

రంగంమనవరాలు (మంగళవారం, రాత్రి 9.40)

అందరి మాటలూ నిన్నటి నుంచి చదువుతున్నాను. కొత్తపాఠకుడు గారు అడిగిన చివరి ప్రశ్న, జనమంతా ఏమయ్యారన్నది, నన్ను పట్టుకుంది. ఒక భాగం జవాబు మా ఇంట్లో ఉంది.

మా అమ్మమ్మ రంగంలో పుట్టింది. ఇప్పటి పిల్లలకు రంగం అంటే అర్థం కాకపోవచ్చు, రంగూనును మనవాళ్ళు అలా పిలిచేవారు. ‘రంగం వెళ్ళాడు’ అంటే గోదావరి జిల్లాలో సంపాదనకు పోయాడని. కోతలు అయ్యాక కాకినాడలో స్టీమరు ఎక్కి, రంగూను రేవులో బస్తాలు మోసి, ధాన్యం మిల్లుల్లో పనిచేసి, కొందరు ఏడాదికి, కొందరు ఐదేళ్ళకు తిరిగి వచ్చేవారు. కొందరు రాలేదు.

బర్మాలో తెలుగువాళ్ళందరినీ ‘కోరంగీ’ అనేవారు. మా తాతగారిది తుని దగ్గర. కోరంగి ఆయన జన్మలో చూడలేదు. అయినా అక్కడ ఆయన పేరు ముందు కోరంగీ. మొదట వెళ్ళినవాళ్ళు కోరంగి ఓడల్లో వెళ్ళారు కాబట్టి, ఆ తరువాత ఏ రేవు నుంచి ఎవరు వెళ్ళినా అదే పేరు. అది గౌరవంగా పిలిచే పిలుపు కాదని అమ్మమ్మ చెప్పేది. బస్తాలు మోసేవాడు, కూలివాడు అనే అర్థంలో వాడేవారట.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలాక తెలుగువాళ్ళను మళ్ళీ తీసుకుని బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఆ కోపం వీధుల్లో కోరంగీల మీద పడింది. ఎందరో చనిపోయారు. అప్పుడు మా అమ్మమ్మకు నాలుగేళ్ళు. ధాన్యపు బస్తాల వెనుక దాచారని మాత్రం ఆమెకు తెలుసు.

మాస్టారూ, 1931లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారని, రంగూను నగరంలో సగానికి పైగా మనవాళ్ళేనని చదివాను. సరైనదేనా?

లెక్కలమాస్టారు (మంగళవారం, రాత్రి 10.20)

సరైనదేనమ్మా. 1931 జనాభా లెక్కల్లో అలాగే ఉంది. వారిలో తెలుగువాళ్ళు పెద్ద వర్గం.

ఇదే చర్చకు అసలు జవాబు అనిపిస్తోంది నాకు. ఒక రేవు జనాభాను ఆ ఊరి హద్దుల్లో వెతికితే దొరకదు. కోరంగి పేరు పెట్టుకుని సముద్రం అవతల బతికినవాళ్ళు కోరంగిలో ఎప్పుడూ ఉండనంత మంది. మారిషస్‌లో కూడా తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. ‘కోరింగా పాకెట్’ అనే ఓడ పేరు అక్కడి తెలుగువారి చరిత్రలో తరచూ వినబడుతుంది. ఆ దేశంలో ఇప్పటికీ ఉగాది సెలవు దినం.

పాతరేవు (బుధవారం, ఉదయం 6.55)

అమ్మా, మీరు రాసింది చదివాక ఒక్క మాట. ఆ ఓడలు కట్టింది మావాళ్ళు. ఆ ఓడల్లో పోయినవాళ్ళను అక్కడ మా ఊరి పేరుతో తక్కువచేసి పిలిచారని నాకు తెలియదు. ఇక్కడ ఆ పేరు చెప్పుకుంటే మాకు గర్వం.

మడఅడవి (బుధవారం, ఉదయం 9.30)

ఉప్పెనలు ఆగలేదని కూడా చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఈ తీరానికే వచ్చింది. భైరవపాలెం, బలుసుతిప్ప వాళ్ళు చాలామంది వేటకు వెళ్ళి సముద్రంలో ఉన్నారు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు, ఎక్కువమంది మత్స్యకారులే. బలుసుతిప్ప వెళ్ళి ఆ ఏడాది గురించి ఎవరినైనా అడిగి చూడండి, ఇప్పటికీ మాట మధ్యలో ఆగిపోతుంది. దాని తరువాతే ఊళ్ళవాళ్ళు, అటవీ శాఖ కలిసి మడ మొక్కలు నాటడం పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. చేపల ఎముక ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీరు లోపలి దాకా చేరేలా చేస్తారు. నీరు వచ్చి పోతుంటేనే మడ బతుకుతుంది.

అందుకే నాకు 3 లక్షల అంకె మీద పట్టుదల లేదు. 1996లో పోయినవాళ్ళ ఇళ్ళు తెలుసు, పడవలు తెలుసు. వాళ్ళలా పేరు తెలిసినవాళ్ళు వెయ్యి మంది చాలు, ఆ తీరం ఎందుకు కాపాడుకోవాలో చెప్పడానికి.

కొత్తపాఠకుడు (బుధవారం, మధ్యాహ్నం 2.20)

ఒక ప్రశ్న వేసి ఇంత వింటానని అనుకోలేదు. మళ్ళీ వెళ్తాను, ఈసారి పడవ కోసం కాదు. పుష్య మాసంలో చొల్లంగి అమావాస్యకు జనం సాగర స్నానాలకు వస్తారట కదా, అప్పుడు పాత కుటుంబాలవాళ్ళు కలుస్తారా?

యానాం_వీధి (బుధవారం, మధ్యాహ్నం 3.00)

కలుస్తారు. సప్తసాగర యాత్ర చొల్లంగిలో తుల్యభాగ పాయ దగ్గర మొదలై కోరంగి మీదుగా సాగుతుంది. రేవు పోయినా ఆ దారి పోలేదు. తెల్లవారుజామునే చేరుకోండి, తరువాత రోడ్డు మీద కదలలేరు. పాతరేవు గారు ఉంటే పెద్దవాళ్ళను కలిపిస్తారు.

పాతరేవు (బుధవారం, సాయంత్రం 6.15)

తప్పకుండా. మా ఇంట్లో తాతగారి మొద్దు ఉలి ఇంకా ఉంది, చూపిస్తాను.

రంగంమనవరాలు గారూ, బర్మా నుంచి అమ్మమ్మగారు ఏమైనా తెచ్చుకున్నారా? 1942లో వచ్చేటప్పుడు చాలామంది చేతిలో ఏమీ లేకుండా వచ్చారని విన్నాను.

రంగంమనవరాలు (బుధవారం, రాత్రి 9.10)

రంగూను మీద జపాను బాంబులు పడ్డాక ఆమె నడిచి రాలేదండీ, ఆఖరి ఓడల్లో ఒకదానిలో చోటు దొరికింది. ఇల్లు, గిన్నెలు అన్నీ వదిలేసి ఒక చిన్న టేకు పెట్టె తెచ్చుకున్నారు. మా జానెడున్నర పొడవు, ఇత్తడి మూలలు. ఇన్నేళ్ళయినా ఒక్క పలక విచ్చుకోలేదు. ఇప్పటికీ తెరిస్తే కర్పూరం వాసన వస్తుంది. మూత లోపలి వైపు ఎవరో నల్ల సిరాతో రెండు వరసలు రాశారు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, సగం చెరిగిపోయాయి. అది తెలుగని మా మామయ్య, బర్మా భాషని మా అమ్మ. అమ్మమ్మకు చదువు రాదు, తన తండ్రి రాశాడని మాత్రం చెప్పేది.

లెక్కలమాస్టారు (బుధవారం, రాత్రి 9.25)

ఫొటో పెట్టగలరా అమ్మా? పక్క నుంచి వెలుతురు పడేలా తీస్తే చెరిగిన సిరా కూడా కనబడుతుంది. బర్మా లిపి చదవగలిగిన పెద్దాయన ఒకరు విశాఖ బర్మా క్యాంపులో నాకు పరిచయం. ఆయనకు చూపిస్తాను.

రంగంమనవరాలు (బుధవారం, రాత్రి 9.40)

పెట్టె అటక మీద ఉంది. రేపు ఉదయం దించి, కిటికీ దగ్గర పెట్టి తీస్తాను.